బి.ఎన్. రెడ్డి

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి 1908 నవంబరు 16న కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, రైతు కుటుంబంలో జన్మించారు. మద్రాసులో ముద్రణాలయం నడిపారు. 'గృహలక్ష్మి' (1938) నిర్మాణంలో పాలుపంచుకొని చిత్రరంగపు మెలకువలు గ్రహించారు. అనంతరం మూలా నారాయణస్వామి అండతో వాహినీ సంస్థను స్థాపించారు.

ఆనాడు పౌరాణిక చిత్రాలకే ఆదరణ అధికం. నష్టభయం ఉన్నా, ఆయన నిరుద్యోగాన్ని 'వందేమాతరం' (1939)లోను, వితంతు వివాహాన్ని 'సుమంగళి' (1940)లోను చిత్రించారు. వ్యయానికి వెరవక 'మల్లీశ్వరి' (1951)ని శిల్పంలా మలిచారు. మూడు దశాబ్దాల కాలంలో ఆయన తెలుగులో దర్శకత్వం వహించినవి 11 చిత్రాలే. రాశి కన్న వాసియే ఆయనకు ముఖ్యం.

1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనను వరించింది. దక్షిణాదిన దానిని అందుకొన్న తొలి వ్యక్తి ఆయనే. 1977 నవంబరు 8న ఆయన కన్నుమూశారు.