బేల్దారి కట్టిన గోపురాలు

మా హాస్టల్లో బేల్దారి పనికి పోయేవాళ్ళ పిల్లలం చాలామందిమి ఉన్నాము. అందుకే సైమన్ రోడియా గారి గురించి రాయాలనుకున్నాము.

ఆయన 1879లో ఇటలీలో పేదయింట్లో పుట్టారు. చదువు అంతంతమాత్రం. చిన్నవయసులోనే అమెరికా చేరి రాళ్ళ క్వారీల్లో, రైలు పనుల్లో, సిమెంటు, టైల్స్ పనుల్లో కూలి చేశారు.

1921లో లాస్ ఏంజిల్స్‌లోని వాట్స్ పేటలో చిన్న స్థలం కొన్నారు. పగలంతా కూలి, తీరిక దొరికితే తన కట్టడం. అలా 33 ఏళ్ళు! ఇనుప కడ్డీలను దగ్గరి రైలు పట్టాల్లో ఇరికించి వంచేవారు. వాటికి ఇనుప వల చుట్టి, సిమెంటు పూసి, పచ్చిగా ఉండగానే పగిలిన టైల్స్, పింగాణీ ముక్కలు, సీసా పెంకులు, గవ్వలు అద్దేవారు. మన ఊళ్ళో అయితే అవన్నీ దిబ్బకే పోతాయి. ప్లాను లేదు, పరంజా లేదు, వెల్డింగ్ లేదు, ఒక్క బోల్టు లేదు. నడుముకు బెల్టు, చేతిలో బక్కెట్టు, అంతే. అన్నిటికన్నా పెద్ద గోపురం ఎత్తు 99 అడుగులు దాటింది. ఇన్‌స్టలేషన్ కళ అన్న మాట అప్పటికింకా వాడుకలో లేదు.

1955లో స్థలాన్ని పొరుగాయనకు ఇచ్చేసి ఊరు వదిలి వెళ్ళిపోయారు. తర్వాత నగర అధికారులు ఇవి ప్రమాదకరం, కూల్చాలి అన్నారు. వాటిని ఇష్టపడినవాళ్ళు ఒప్పుకోలేదు, పరీక్షించి చూడమన్నారు. 1959 అక్టోబరు 10న జనం చూస్తుండగా గోపురాన్ని 10,000 పౌండ్ల బలంతో, అంటే దాదాపు నాలుగున్నర టన్నులతో లాగారు. గోపురం నిలబడింది, లాగే యంత్రమే మొరాయించింది.

రోడియా గారు 1965లో కన్నుమూశారు. 1990లో అమెరికా ప్రభుత్వం ఆ గోపురాలను జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది.