చదువును జేతిపనియు: బుకరు టి. వాషింగ్టను చరిత్రము

చదువు వేఱు, చేతిపని వేఱు అను భేదబుద్ధి చిరకాలమునుండి లోకమున వేరూని యున్నది. చదివినవాడు పనిముట్టు పట్టుట చిన్నతనమనియు, పనివాడు పుస్తకము పట్టుట వృథాశ్రమమనియు జనులు తలచుచుందురు. ఈ రెంటిని ఒక్క తరగతిలో గూర్చుటకు బాటుపడిన యొక యుపాధ్యాయుని చరిత్రమును చదువరులకు సంగ్రహముగా విన్నవించెదను.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని వర్జీనియాలో 1856వ సంవత్సరమున బుకరు వాషింగ్టను జనించెను. ఆతని తల్లి యొక తెల్లదొర యింట వంటచేయు బానిస. కావున బిడ్డయు బుట్టుకతోనే బానిస యయ్యెను. 1865లో అంతర్యుద్ధము ముగిసి విముక్తి కలుగగా ఆ కుటుంబము మాల్డెను అను గ్రామమునకు బోయెను. అచ్చట బాలుడు మారుతండ్రితో గూడ ఉప్పు కాచు బట్టీలో బనిచేసెను. మారుతండ్రి నింపిన పీపాలపై గుర్తుగా 18 అను అంకె వేయుచుండిరి. ఆ బాలుడు మొట్టమొదట గుర్తుపట్ట నేర్చినది ఆ యంకెయే. బడిలో జేరిన పిమ్మట సయితము వేకువనే లేచి తొమ్మిది గంటలవఱకు బట్టీలో బనిచేసి, బడి విడిచినతోడనే మరల పనికి బోవుచుండెను.

1872లో ఆతడు సుమారు 500 మైళ్ల దూరము నానాకష్టములు పడి ప్రయాణముచేసి హాంప్టను పాఠశాలకు జేరెను. అచ్చటి అధ్యాపకురాలు ఆతనికి వేఱుపరీక్ష పెట్టక, ఒక గది యూడ్వుమని చెప్పెను. ఆతడు మూడుమాఱు లూడ్చి, నాలుగుమాఱులు దుమ్ము తుడిచెను. ఆమె చేతిరుమాలుతో బల్లలను రాచిచూచి, ధూళిలేశమును గానక, ఆతనిని జేర్చుకొనెను. గదులు శుభ్రపఱచు పనిచేయుచు జదివి ఆతడు 1875లో విద్య ముగించెను.

1881వ సంవత్సరము జూలై 4వ తేదీని అలబామా రాష్ట్రమందలి టస్కీగీ పట్టణమున ముప్పదిమంది విద్యార్థులతో ఆతడు పాఠశాల తెఱచెను. రాష్ట్రమువారు ఉపాధ్యాయుల జీతములకని 2,000 డాలర్లు మాత్రమిచ్చిరి. స్థలమునకు గాని కట్టడమునకు గాని కాసైన నియ్యలేదు. విద్యార్థులలో బలువురు గొప్ప పుస్తకముల పేర్లు వల్లించువారే. బ్యాంకులలో బెట్టుటకు సొమ్ములేని పిల్లలు బ్యాంకు లెక్కల సూత్రములు కంఠస్థము చేసియుండిరి. తమ బిడ్డలను జదువుటకు బంపితిమి గాని పాటుపడుటకు గాదని తల్లిదండ్రులు మొఱపెట్టిరి. బానిసతనమున బలవంతముగా జేసిన పని వారికి అవమానముగా దోచుట వింతగాదు. వాషింగ్టను వారితో వాదింపక, తానే గొడ్డలి పట్టి అడవి నఱకుటకు ముందు నడచెను.

కట్టడములకు ఇటుకలు కావలసి యుండెను. మొదటి ఆవము చెడెను. రెండవదియు, మూడవదియు జెడెను. చేత రొక్కము లేదు. ఆతడు తన గడియారమును 15 డాలర్లకు కుదువబెట్టి నాలుగవ ఆవము పేర్పించెను. అది పండెను. విద్యార్థులు చేసిన ఇటుకలను కొనుటకు ఊరి తెల్లవారును రాజొచ్చిరి.

అంతమాత్రముతో ఆతడు తృప్తి నొందలేదు. ఉదయమున పనిశాల, మధ్యాహ్నమున బడి అని రెంటిని ప్రక్కప్రక్కన నుంచిన జాలదనియు, ఒకదానిలో నొకటి యిమిడిపోవలెననియు ఆతని నిశ్చయము. గణితోపాధ్యాయుడు వడ్రంగిశాలకు బోయి, కట్టబోవు ఇంటికప్పు కొలతలు తెచ్చి, అవే లెక్కలుగా నియ్యవలెను. భాషోపాధ్యాయుడు విద్యార్థి తాను నేర్చు పనినిగూర్చియే వ్యాసము వ్రాయింపవలెను. పొలము దున్నువాడు మన్నులోని సారమును రసాయన పాఠమున దెలిసికొనవలెను. ఉపాధ్యాయులలో గొందఱు దీనివలన పుస్తకవిద్య కృశించునని యెదురాడిరి. ఆతడు తన పట్టు విడువలేదు.

న్యాయవాది యొకపక్షమే విని తీర్పు కోరరాదు. వాషింగ్టను 1895లో అట్లాంటా నగరమున జేసిన ప్రసంగమున, నల్లవారు రాజకీయ హక్కులకంటె ముందు వృత్తివిద్యయు ధనార్జనయు సాధింపవలెనని బోధించెను. 1903లో డుబాయిసు అను నల్లజాతి పండితుడు దీనిని ఖండించెను. వోటును, పౌరహక్కులను, ఉన్నతవిద్యను వదలుకొన్న జాతి తలయెత్తజాలదనియు, టస్కీగీ బడికి సయితము కళాశాలలలో జదివిన యుపాధ్యాయులే యాధారమనియు ఆయన వాదము. ఈ వాదము బలమైనది. పనివిద్య ఉన్నతవిద్యకు మెట్టు కావలెను గాని యడ్డుగోడ కారాదు. ఐనను బహిరంగముగా మౌనము వహించిన వాషింగ్టను, అలబామాలో నల్లవారి వోటుహక్కుకై అత్యున్నత న్యాయస్థానమువఱకు నడచి 1903లో ఓడిపోయిన వ్యాజ్యమునకు రహస్యముగా ధనసహాయము చేసెనని ఆతని మరణానంతరము తెలియవచ్చెను. భయముతో గూడిన కాలమున ఆతడు మోసిన భారమెట్టిదో దీనివలన గ్రహింపనగును.

1915వ సంవత్సరము నవంబరు 14వ తేదీని ఆతడు టస్కీగీలో మృతినొందెను. ముప్పదిమందితో నారంభమైన పాఠశాలయందు అప్పటికి సుమారు 1,500 మంది విద్యార్థులును, నూఱింటికి మించిన కట్టడములును ఉండెను. పాఠశాల యావరణముననే ఆతనిని సమాధి చేసిరి.

సోదరులారా! కూలివాని బిడ్డకు పనిని, కలవారి బిడ్డకు పుస్తకమును పంచియిచ్చుట ఈ పద్ధతి కాదు. ఇరువురిని ఒకే బల్లపై గూర్చుండబెట్టి, ఇరువురిచేత రెండును నేర్పింపవలెను. అట్లుగానిచో పనివిద్య యను పేరున పాత భేదమే మరల బడిలో బ్రవేశించును. గది యూడ్చిన చేతితోనే పుస్తకము విప్పిన యాతని చరిత్రము మనకు దెలుపునది యిదియే.