ఋణబాధకు మందు వెదకిన వైద్యుడు

కృష్ణానదిపై బెజవాడ వద్ద 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. ఆ నీటితో గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాలలోని నేలలు క్రమంగా మాగాణులుగా మారాయి. వానకోసం ఆకాశంవైపు చూసే మెట్టరైతు కంటికి డెల్టారైతు భాగ్యవంతుడుగా కనిపించేవాడు. అయితే ఆ పచ్చని చేల నడుమనే అప్పు అనే వ్యాధి పాతుకొనిపోయింది. ఊడ్పుల నాటికి చేతిలో పైకం ఉండేది కాదు. నోటు వ్రాసి షావుకారు వద్ద అప్పు తేవలసివచ్చేది. ధాన్యమే అప్పుగా తెచ్చుకొని, అదనం కలిపి మళ్లీ ధాన్యంగానే కొలిచి ఇచ్చే ‘నాము’ పద్ధతి పేద ఇళ్లకు మరింత భారమయ్యేది. నూర్పుళ్లు కాగానే అందరి ధాన్యమూ ఒక్కసారిగా అంగడికి చేరడంతో ధర పడిపోయేది. అప్పు ఒత్తిడి గలవాడు ఆ ధరకే అమ్మక తప్పేది కాదు. ధర పెరిగేవరకు గాదెలో నిలువచేసుకోగలిగినవాడే లాభపడేవాడు. ఒకే కాలువ నీరు త్రాగిన రెండు కుటుంబాలలో ఒకటి ఎదగడానికీ, ఇంకొకటి కుంగిపోవడానికీ ఇది ఒక ముఖ్య కారణం.

సంపద ఉన్నచోట పేదరికం ఎందుకుంటుందన్న ప్రశ్న ఐరోపా, అమెరికాలలోని ధనికదేశాల ఆర్థికవేత్తలను కూడ ఎంతోకాలంగా వేధిస్తున్నది. బందరులో ఆ ప్రశ్నకు ఆచరణలో సమాధానం వెదకిన వ్యక్తి వృత్తిరీత్యా ఆర్థికవేత్త కాడు, వైద్యుడు. ఆయనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య.

పట్టాభి 1880 నవంబరు 24న ఏలూరుకు సమీపంలోని గుండుగొలను గ్రామంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, లేమి మధ్య పెరిగారు. ఏలూరులోను, బందరు నోబుల్ కళాశాలలోను చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులయ్యారు. అనంతరం వైద్యవిద్య ముగించి 1906లో బందరులో వైద్యవృత్తి చేపట్టారు. సుమారు పదేళ్లపాటు ఆ వృత్తిలో కొనసాగారు. అదే కాలంలో ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావులతో ఆయనకు ఏర్పడిన మైత్రి బందరు ప్రజాజీవితాన్నే మార్చివేసింది. 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల ఆ మైత్రికి ఫలం.

అప్పటికి దేశ దారిద్ర్యాన్ని గురించి ఆలోచించేవారికి దాదాభాయి నౌరోజీ మార్గదర్శి. భారతీయుని సగటు వార్షికాదాయం 20 రూపాయలేనని ఆయన 1867-68 సంవత్సరానికి లెక్కకట్టి, దేశసంపద విదేశానికి తరలిపోవడాన్ని బయటపెట్టారు. దేశం మొత్తంమీద ఆ లెక్క తిరుగులేనిదే. కాని సగటు అనేది షావుకారునూ పాలేరునూ ఒకే త్రాసులో వేస్తుంది. గ్రామం లోపల ఎవరి సొమ్ము ఎవరి పెట్టెలోకి పోతున్నదో తెలుసుకోవాలంటే వడ్డీ లెక్కలు చూడాలి.

ఆ దిశగా మద్రాసు రాష్ట్రంలో మొదటి అడుగు వేసినది ప్రభుత్వోద్యోగి ఫ్రెడరిక్ నికల్సన్. జర్మనీలో రైఫైజన్ అనే గ్రామాధికారి నెలకొల్పిన పరపతి సంఘాలను పరిశీలించి ఆయన 1895, 1897లలో నివేదికలు సమర్పించారు. వాటి వెనువెంట 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఒక ఊరివారు పదిమందీ పూచీపడి సంఘంగా ఏర్పడితే, విడిగా ఒక్కనికి పుట్టని అప్పు సంఘానికి తక్కువ వడ్డీకి పుడుతుంది. అయితే ఊరి సంఘానికి పైకం ఎవరివ్వాలి? దానికి జిల్లాస్థాయి బ్యాంకు అవసరం. కృష్ణాజిల్లా సహకార కేంద్ర బ్యాంకు 1915లో ఏర్పడింది. దాని స్థాపకులలో పట్టాభి ప్రముఖులు.

సహకార సంఘంతోనే పని పూర్తికాలేదు. పట్టణాలలోని వర్తకులు, ఉద్యోగులు దాచుకొనే సొమ్ము చేరడానికి స్వదేశీయమైన బ్యాంకు కావాలి. 1906లో మద్రాసులో ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీసి ఎందరో మదుపుదారుల పొదుపును మింగివేసిన సంగతి అప్పటికింకా మరుపునకు రాలేదు. అటువంటి కాలంలో, పెద్ద పరిశ్రమలేవీ లేని బందరులో బ్యాంకు పెట్టడమంటే సాహసమే. ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, అదే నెల 28న లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో పని ప్రారంభించింది. తర్వాత 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఆయన చొరవతోనే వెలిశాయి.

వీటన్నింటిలో ఆర్థికదృష్టితో చూస్తే ఎక్కువ ఆలోచింపదగినది భూమి తనఖా బ్యాంకు. సహకార సంఘం ఇచ్చే అప్పు ఒక పంటకాలానికి సరిపోతుంది. తండ్రినాటి పాత బాకీ తీరడానికి అది చాలదు. భూమిని తనఖా ఉంచుకొని, తక్కువ వడ్డీతో, ఏటేటా కొద్దికొద్దిగా తీర్చుకొనేలా దీర్ఘకాలపు ఋణమిస్తే రైతు ఆ సొమ్ముతో షావుకారు బాకీ చెల్లువేసి తన పొలం నిలుపుకోగలడు. ఇటువంటి బ్యాంకును పట్టాభి 1927లో నెలకొల్పారు. మద్రాసులో కేంద్ర భూమి తనఖా బ్యాంకు ఏర్పడినది 1929లో. ఒక పల్లెపట్టు ప్రయత్నం రాజధానికంటె రెండేళ్లు ముందుండడం గమనింపదగినది.

వ్యాధి ఎంత పెద్దదో కొద్దికాలానికే అంకెలలో తేలింది. మద్రాసు రాష్ట్ర గ్రామీణ ఋణభారం 150 కోట్ల రూపాయలని బ్యాంకింగు విచారణ సంఘం 1930లో అంచనా వేసింది. అంతలో ప్రపంచ ఆర్థికమాంద్యం వచ్చిపడి ధాన్యం ధర కూలిపోయింది. అప్పు రూపాయలలో మారకుండా ఉండగా, దాన్ని తీర్చడానికి అమ్మవలసిన బస్తాలు మాత్రం పెరిగిపోయాయి. 1935లో సత్యనాథన్ నివేదిక ఆ భారాన్ని 200 కోట్లుగా చూపింది. చివరకు 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం తేవలసివచ్చింది. బ్యాంకుల వల్లనే తీరే రోగమైతే చట్టం అక్కరకు వచ్చేది కాదు.

పట్టాభి రాజకీయజీవితం అందరికీ తెలిసినదే. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. 1935లో కాంగ్రెసు చరిత్ర రచించారు. 1939లో సుభాస్ చంద్రబోసుతో పోటీచేసి అధ్యక్షపదవి ఎన్నికలో ఓడి, 1948లో గెలిచారు. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1959 డిసెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన వేసిన మొక్క ఆ తర్వాత కూడ పెరిగింది. 1964లో భారతలక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో విలీనమైంది. 1980లో ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, బందరులో పుట్టిన ఆ పేరు బోర్డులనుండి తొలగిపోయింది.

ఈ సంస్థల వల్ల ఎక్కువ మేలు పొందినవాడు సొంతభూమి ఉన్న రైతు. తనఖా పెట్టడానికి పొలముంటేనే తనఖా బ్యాంకు తలుపు తెరుచుకొనేది. కౌలుకు చేసుకొనేవానికీ, కూలికి పోయేవానికీ పూచీగా చూపడానికి తమ రెక్కలు తప్ప వేరేమీ ఉండేది కాదు. డెల్టాలోని అసమానత ఎక్కువగా కనిపించేది ఈ వర్గంలోనే. ఆ సంస్థల చేయి అందనిది కూడ వీరికే. ఇది పట్టాభి ఒక్కరి లోపమని చెప్పడానికి వీలులేదు. నాటి సహకారోద్యమమంతా భూమినే పూచీగా నమ్ముకొని నడిచింది. భూయజమాని కాని సాగుదారునికి ఋణార్హత కార్డు ఇచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 2011లో గాని రాలేదు. అప్పటికి కృష్ణాజిల్లా సహకార కేంద్ర బ్యాంకు పుట్టి 96 సంవత్సరాలయింది.