వెక్కిరింపులకు లొంగని మాక్స్‌వెల్

జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1831 జూన్ 13న స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. పల్లెలో పెరిగాడు. ఎనిమిదేండ్లకే తల్లి చనిపోయింది. పదేండ్లప్పుడు పట్నం బడికి పోతే, ఆయన పల్లె యాస, ఇంట్లో కుట్టిన బట్టలు చూసి తోటి పిల్లలు తిక్కలోడని పేరు పెట్టిండ్రు. అయినా చదువు విడువలేదు. 14 ఏండ్లకే గణిత వ్యాసం రాసి పండితుల మెప్పు పొందాడు. కరెంటు, వెలుతురు గురించి ఆయన చేసిన సూత్రాలు లోకమంతా చదువుతది.

మిత్రులారా! హాస్టల్ వంటింట్లో చపాతి పిండి ముద్దను వేలితో నొక్కి వెంటనే తీయండి. గుంట కొంచెం పైకి లేస్తది. చాలాసేపు నొక్కి పట్టితే గుంట అట్లనే ఉంటది. అంటే పిండి కొంత స్ప్రింగు, కొంత ద్రవం! ఈ గుణానికి మాక్స్‌వెల్ 1867లో లెక్క కట్టాడు. స్థితిస్థాపక గుణకాన్ని, బిగువు సడలే కాలంతో గుణిస్తే స్నిగ్ధత, అంటే జిగట, వస్తుంది. పాలిమర్లు పొడుగాటి గొలుసు అణువులని అప్పటికి ఎవరికీ తెలియదు. 1950లో ఓల్డ్‌రాయిడ్ అనే గణితవేత్త ఆ లెక్కను, పారుతూ మెలితిరిగే ద్రవాలకు సరిపడేలా పెంచాడు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో ఎట్లా పారుతదో తెలుసుకునే లెక్కలకు అది ఒక పునాది.

మాక్స్‌వెల్ 1879 నవంబరు 5న, 48 ఏండ్లకే, తల్లికి వచ్చిన క్యాన్సర్‌తోనే కన్నుమూశాడు.

రేపు మనం పిట్లం దాటి పెద్ద పట్నం చదువుకు పోతం. అక్కడ మన యాసకు ఎవరన్న నవ్వితే పుస్తకం మూయకండి.