సంతకం పెట్టని జాన్ రే

సంక్రాంతి ముందు మా హోసూరు ఇంట్లో పితికిన పప్పు ఉండాల్సిందే. నానిన అనపగింజను అవ్వ వేళ్లతో నొక్కితే తొక్క చేతిలో ఉంటుంది, పప్పు గిన్నెలో పడుతుంది. ఆ పప్పులోని రెండు బద్దలే మొక్కకు మొట్టమొదటి ఆకులని, వాటిని బీజదళాలంటారని క్లాసులో తెలిసింది. అసలు ఆకులొచ్చి సొంతంగా తిండి చేసుకునేదాకా మొలకను సాకేది అవే. పని తీరాక వాడి రాలిపోతాయి. అంటే మనం తినేది మొలక కోసం కట్టిపెట్టిన సద్దిమూట!

ఈ చిన్న ఆకులను పట్టించుకున్న పెద్దమనిషి జాన్ రే. 1627లో ఇంగ్లండులో, బ్లాక్ నోట్లీ అనే పల్లెలో పుట్టాడు. నాన్న కమ్మరి. అమ్మకు మందుమొక్కలు తెలుసు. ఊళ్లో జబ్బుపడ్డవాళ్లకు సాయం చేసేది. కొడుకు కేంబ్రిడ్జిలో చదివి, ట్రినిటీ కాలేజీలోనే ఫెలో అయ్యాడు. 1660లో కేంబ్రిడ్జి చుట్టుపక్కల మొక్కల మీద పుస్తకం వేశాడు.

1662లో చిక్కొచ్చింది. అంతర్యుద్ధం రోజుల్లో చాలామంది ఒక మతప్రమాణం చేసి ఉన్నారు. అది ఎవరికీ వర్తించదని ఒప్పుకోవాలని కొత్త చట్టం వచ్చింది. రే ఆ ప్రమాణం చేయనే లేదు. అయినా, చేసినవాళ్ల మాట చెల్లదని తాను చెప్పడం తప్పనుకున్నాడు. ఒప్పుకోలేదు. ఉద్యోగం వదిలేశాడు.

శిష్యుడూ స్నేహితుడూ అయిన విల్లబీ ఆదుకున్నాడు. ఇద్దరూ యూరప్ తిరిగి మొక్కలు, జంతువులు చూశారు. 1672లో విల్లబీ పోయాడు. రే పని ఆపలేదు. 1674లో రాయల్ సొసైటీకి విత్తనాల గురించి వ్యాసం పంపాడు. 1682 నాటి పుస్తకంలో బీజదళం ఒకటా, రెండా అన్న తేడాను మొక్కల వర్గీకరణకు వాడాడు. మన రాగికి ఒకటే, అనపకు రెండు. ముసలితనంలో కాళ్ల పుండ్లు బాధపెడుతున్నా సొంతూళ్లో కూర్చుని, సుమారు 18 వేల మొక్కల వివరాలతో మూడు సంపుటాలు పూర్తి చేశాడు. 1705లో కన్నుమూశాడు.

నాకు గుచ్చుకున్నది ఆయన పెట్టని సంతకం. నా రికార్డులో ఉన్న మొలక బొమ్మ మొలకను చూసి వేసింది కాదు, సీనియర్ అక్క రికార్డు చూసి దించింది. స్వయంగా చేశానని కింద సంతకం మాత్రం పెట్టేశాను.

నిన్న అవ్వనడిగి నాలుగు ఎండు అనపగింజలు, గుప్పెడు రాగులు తడిగుడ్డలో కట్టిపెట్టాను. ఈసారి కనిపించిందే గీస్తాను. వంకరగా వచ్చినా సరే, ఆ పాత పేజీ తీసేసి ఇదే పెడతాను.