చేతులు కడుక్కోమన్న డాక్టరు

కొత్త పద్ధతి పెడితే ఉద్యోగులు ఎందుకు ఎదురు తిరుగుతారు? మన మేనేజ్‌మెంట్ పేపర్లో ఇది పది మార్కుల ప్రశ్న. పాయింట్లు బట్టీ పట్టే బదులు నేను ఒక మనిషి జీవితం చెబుతాను. ఆయన పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్.

1818లో హంగరీలోని బుడా నగరంలో ఒక కిరాణా వ్యాపారి ఇంట పుట్టాడు. లా చదవడానికి వియన్నా వెళ్ళి మెడిసిన్‌లోకి మారిపోయాడు. 1846లో వియన్నా జనరల్ హాస్పిటల్ ప్రసూతి విభాగంలో అసిస్టెంటుగా చేరాడు.

అక్కడ రెండు వార్డులుండేవి. మొదటిదాంట్లో డాక్టర్లు, మెడికల్ స్టూడెంట్లు పురుళ్ళు పోసేవాళ్ళు. రెండోదాంట్లో మంత్రసానులు. ఆ ఏడాది మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోయారు. రెండోదాంట్లో ముగ్గురి లోపే. ఊళ్ళో ఆడవాళ్ళకి ఈ సంగతి తెలుసు. మొదటి వార్డులో వెయ్యొద్దని కాళ్ళావేళ్ళా పడేవాళ్ళట.

1847 మార్చిలో ఆయన స్నేహితుడు ప్రొఫెసర్ కొలెచ్కా, పోస్ట్‌మార్టమ్ చేయిస్తుండగా ఒక స్టూడెంట్ కత్తి వేలికి గుచ్చుకుని చనిపోయాడు. రిపోర్టు చూస్తే అచ్చం బాలింత జ్వరం లక్షణాలే. సెమ్మెల్‌వైస్‌కి అప్పుడు వెలిగింది. స్టూడెంట్లు శవాల గది నుంచి నేరుగా పురిటి మంచాల దగ్గరికి వస్తున్నారు. మంత్రసానులకి ఆ పని లేదు.

మే నెలలో వార్డు గుమ్మం దగ్గర క్లోరిన్ నీళ్ళు పెట్టించాడు. మన బ్లీచింగ్ పౌడరు నీళ్ళలాంటివే. చేతులు కడుక్కోకుండా ఎవరూ లోపలికి రాకూడదన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణాలు జూన్‌కి 2 దగ్గరికి పడిపోయాయి. 1848లో రెండు నెలలైతే ఒక్కరూ చనిపోలేదు.

మన ప్రాజెక్ట్ రిపోర్టయితే ఇక్కడితో అయిపోయేది. ఆయన కష్టాలు మాత్రం ఇక్కడే మొదలయ్యాయి.

విభాగం పెద్ద యోహాన్ క్లైన్ ఒప్పుకోలేదు. కొత్తగా పెట్టిన గాలి వసతి వల్లే మరణాలు తగ్గాయన్నాడు. వ్యతిరేకించినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. ఆ నీళ్ళకి చేతులు మండేవి. చేతులకి అంటుకున్నది ఏమిటో ఎవరికీ తెలీదు, సూక్ష్మజీవుల సిద్ధాంతం ఇంకా రాలేదు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి వేరే ఉందని నాకనిపిస్తుంది. ఆ మాట ఒప్పుకుంటే, ఇన్నేళ్ళూ తమ చేతులతోనే తల్లులని చంపామని ఒప్పుకున్నట్టే. జర్మనీలో కీల్ నగరపు డాక్టర్ మిఖాయెలిస్ ఒప్పుకున్నాడు. తను పురుడు పోసిన దగ్గరి బంధువు ఒకామె అప్పటికే ఆ జ్వరంతో పోయింది. 1848లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఇంత బరువైన మాటని ఎదుటివాళ్ళు నవ్వుతూ తీసుకుంటారా?

సెమ్మెల్‌వైస్ ఆ బరువు గురించి ఆలోచించలేదు. కడుక్కోనివాళ్ళని కసిరేవాడు. తన పని గురించి ఏళ్ళ తరబడి సొంతంగా ఏమీ రాయలేదు. ఆయన తరఫున మొదట రాసింది మిత్రుడు హెబ్రా. 1849లో ఉద్యోగం పొడిగించలేదు. 1850లో తనకి అండగా నిలిచినవాళ్ళకి కూడా చెప్పకుండా వియన్నా వదిలి పెస్ట్ నగరానికి వెళ్ళిపోయాడు. అక్కడి ఆసుపత్రిలో ఆరేళ్ళలో 933 పురుళ్ళకి 8 మరణాలే. అయినా వియన్నా మారలేదు. 1861లో పుస్తకం వేశాడు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి, వ్యతిరేకించిన ప్రొఫెసర్లని హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. వినేవాళ్ళు కూడా దూరమయ్యారు.

1865లో మతి చలించిందని పిచ్చాసుపత్రిలో చేర్చారు. రెండు వారాలకే, గాయం కుళ్ళి రక్తం విషమై చనిపోయాడు. వయసు 47. రెండేళ్ళ తర్వాత లిస్టర్ తన యాంటీసెప్టిక్ పద్ధతి ప్రకటించాడు.

రోజూ కళ్ళముందు తల్లులు పోతుంటే మెల్లగా మాట్లాడలేదని ఆయన్ని తప్పుపట్టడం నావల్ల కాదు. కానీ ఆయన అరిచినందువల్ల ఒక్క తల్లైనా బతికిందా అంటే, అదీ అనుమానమే. ఇంతకాలం ఎవరికీ తెలీదు, ఇక నుంచి తెలుసు అని చెప్పి, పాత డాక్టర్లకి తలెత్తుకుని ఒప్పుకునే దారి ఒకటి చూపించి ఉంటే? లెక్కలు అప్పుడే రాసి, స్నేహితుల్ని వదులుకోకుండా ఉంటే?

రేపు ఉద్యోగాల్లో మనం కూడా కొత్త పద్ధతులు తీసుకెళ్తాం. మన గ్రాఫ్ కరెక్టే అయ్యుంటుంది. అవతల కూర్చున్న సీనియర్ దాన్ని ఒప్పుకోవాలంటే ఏం పోగొట్టుకోవాలో, అది కూడా ఒకసారి లెక్కేసుకుందాం.