లెక్క చూసి నమ్మిన మహలనోబిస్

ఫలానా గ్రూపు తీసుకుంటే ఉద్యోగం ఖాయమని మన హాస్టల్లో ఎవరో ఒకరు చెబుతారు. రుజువుగా ఉద్యోగం వచ్చిన ఒక సీనియర్ను చూపిస్తారు. అదే గ్రూపు చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు ఎందరో మనం అడగం. అలా అడగడాన్ని మన దేశంలో ఒక శాస్త్రంగా పెంచి పెద్దచేసిన మహనీయుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చదివి, 1915లో స్వదేశానికి వస్తూ బయోమెట్రికా అనే గణాంక పత్రిక సంపుటాలు కొని తెచ్చుకున్నారు. ఓడలో మొదలైన ఆ చదువే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

1926లో ఒరిస్సాలోని బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచిందని, కరకట్టల ఎత్తు పెంచాలని ఇంజనీర్లు అన్నారు. కళ్ళ ముందు వరద చూసినవారికి అది నిజమే అనిపిస్తుంది. మహలనోబిస్ మాత్రం సుమారు 60 ఏళ్ళ లెక్కలు తిరగేశారు. నది అడుగు పెరగలేదని, ఎగువన కురిసిన అధిక వర్షమే కారణమని తేల్చారు. కట్టలు పెంచడం కన్నా ఎగువన నీటిని ఆపడం మేలని సూచించారు.

1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించారు. 1937 నుంచి బెంగాల్ జనపనార పంటను అంచనా వేయడానికి పొలాలన్నీ తిరగకుండా, కొన్నింటిని ఎవరి ఇష్టంతోనూ పనిలేకుండా యాదృచ్ఛికంగా ఎంపిక చేయించారు. మనిషి పొరపాటు పడతాడని ఆయనకు తెలుసు. అందుకే ఒకే ప్రాంతంలో రెండు నమూనాలు విడివిడిగా సేకరింపజేసి, ఫలితాలు పోల్చి చూసేవారు. తన సంస్థ లెక్కనైనా పరీక్షించాకే నమ్మేవారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్.రావు గారు 1941లో ఆ సంస్థలోనే చేరి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు.

1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే మహలనోబిస్ కృషి ఫలితమే. పేదవాడి ఇంటి ఖర్చు ఎంతో దేశానికి తెలిసింది దాని వల్లనే. 1972 జూన్ 28న ఆయన కన్నుమూశారు. 2007 నుంచి ఆయన జన్మదినాన్ని గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! తప్పు కోర్సులో చేరితే మనలాంటి ఇళ్ళలో మళ్ళీ ఫీజు కట్టేవారుండరు. కాబట్టి ఎవరేం చెప్పినా మూడు ప్రశ్నలు వేద్దాం. ఎంతమందిని చూసి చెబుతున్నారు? వాళ్ళను ఎవరు ఎంపిక చేశారు? లెక్కలోకి రానివాళ్ళెవరు? ఆ మహనీయునికి మనమిచ్చే నివాళి అదే.